నక్కకు పులి ఏమైతడు?

వంశీధర్‌రావు గారితో మాట్లాడాలంటే ముందు ఆయనకు మీరు ఏమవుతారో తేలాలి. మామా, బావా, వదినా, మనుమడా, ఏదో ఒక వరుస తేలేదాకా అసలు సంగతి ఆయన నోటి నుంచి బయటికి రాదు. వాళ్ల వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ వచ్చినప్పుడు కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసింది ఆయనే. "మీదే ఊరు తమ్మీ?" అని మొదలుపెట్టారు. ఫోనెత్తిన కుర్రాడు తనకు అక్క మనుమడవుతాడని తేలేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దానంతటదే చల్లారిపోయింది.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లారు. నోట్లో దూది కుక్కి ఉండగా కూడా ఆగలేదు. చేతి సైగలతోనే ఆ డాక్టరమ్మది జగిత్యాల అని, ఆమె తండ్రి తనకు దూరపు బావ అని తేల్చేశారు. ఆమె పట్టకారు తీసుకుని దగ్గరికి వచ్చేసరికి దూది బయటికి లాగేసి, "కోడలివై ఉండి మామ పన్ను పీకుతవా? నీకు చేతులెట్ల వస్తయే?" అన్నారు. పాపం, ఆ పిల్లకు నిజంగానే చేతులు రాలేదు. పక్క గదిలోంచి వరుస తెలియని ఇంకో డాక్టరు వచ్చి పీకాడు.

ఈ వ్యవహారానికి ఆయన దగ్గర ఒక చట్టం ఉంది. "వరుస పెట్టి పిలవాలె. అవతలోడు పలికిండా, ఇగ కలిసినట్టే. దేవుడొచ్చినా విడగొట్టలేడు." కరీంనగర్‌లో ఆయన పిలుపుకు పలికి ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నా పేరు ప్రణతి. పిల్లలకు డ్రాయింగు చెబుతాను. ఒక ఆదివారం పొద్దున తలుపు తీస్తే తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, చంకలో గొడుగుతో ఈయన నిలబడి ఉన్నారు. ఎండాలేదు, వానాలేదు.

"బొమ్మలు గీసే పిల్లవు నువ్వేనా? నీదే ఊరు?"

"జమ్మికుంట సార్."

"ఎవలి బిడ్డవు?"

"ముత్తయ్య బిడ్డను. విత్తనాల దుకాణం."

"పోస్టాఫీసు పక్కపొంటి దుకాణమా? గా పోస్టాఫీసుల పనిచేసిన ఓంప్రకాశ్ మా సడ్డకుడు. వాడు మీ బాపును ఏమని పిలుస్తడు?"

"తమ్మీ అంటడు సార్."

"ఇగ అయిపాయె! సడ్డకుడంటే నాకు అన్నసోంటోడు. వానికి తమ్ముడు నాకూ తమ్ముడే. తమ్ముని బిడ్డ నాకు బిడ్డ. నేన్ నీకు పెద్దబాపును. ఏదీ, పెద్దబాపూ అను."

"సార్, మీకు ఏం బొమ్మ…"

"పెద్దబాపూ అను."

"పెద్దబాపూ."

"ఆఁ. ఇప్పుడు చెప్పు బిడ్డా. పులిబొమ్మ గీస్తవా?"

అలా మొదలైంది. వంశీధర్‌రావు గారిది లక్సెట్టిపేట. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కొలువులో చేరిన కొత్తలో ఆయన్ను కాగజ్‌నగర్ వైపు వేశారు. అక్కడ బెంగాలీ క్యాంపులున్నాయి. ఒకప్పుడు తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు భూములిచ్చి కూర్చోబెట్టిన ఊళ్లు. ఈయన వరి విత్తనాల గురించి చెప్పడానికి సైకిల్ మీద వెళ్లేవారు. వాళ్లకు వరి గురించి ఈయన చెప్పాల్సినంత ఏమీ లేదు కాబట్టి, చాపేసి కూర్చోబెట్టి, ముంత నిండా మరమరాలు పెట్టి కథలు చెప్పి పంపేవాళ్లు. ఉద్యోగమంతా విత్తనాలు పంచి, కథలు మూటగట్టుకుని వచ్చారు.

రిటైరయ్యాక ఆ కథల్ని చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలుగా చేయాలని పట్టుకున్నారు. క్యాంపు పిల్లలు ఇంట్లో బెంగాలీ మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. నాయనమ్మ చెప్పిన కథ పుస్తకంలో దొరకదు, పుస్తకంలో ఉన్నది నాయనమ్మకు తెలియదు. "రెండింటికి వరుస కలుపుత" అన్నారు. మాట బాగుందని ఒప్పుకున్నాను. ఆయన జబ్బు జంతువులకు కూడా అంటుతుందని నాకు అప్పటికి తెలియదు.

మొదటి పుస్తకం చేపల దయ్యం కథ. బుట్టనిండా చేపలు కొనుక్కుని ముసలమ్మ ఇంటికి పోతుంటే వెనకాల దయ్యం నడుస్తూ "ఒక్క చేప పెట్టవా" అని అడుగుతుంది. అంతే కథ. చక్కగా బొమ్మలు గీసి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

"బాగున్నది బిడ్డా. గీ దయ్యం ముసలమ్మకు ఏమైతది?"

"ఏమీ కాదు పెద్దబాపూ. దయ్యం అంతే."

"ఏమీ కానోళ్లను చేప ఎట్ల అడుగుతది? సిగ్గుండద్దా?"

"దయ్యానికి సిగ్గేంది?"

"ఇప్పుడు దయ్యమైతే ఏమాయె, బతికున్నప్పుడు ఎవలికో ఒకలికి ఏదో ఒకటి అయితది గదా!"

పది రోజులు ఆలోచించి దయ్యాన్ని ముసలమ్మకు ఆడబిడ్డను చేశారు. చిత్రమేమంటే కథ అక్కడి నుంచి ఎక్కడా ఆగలేదు. ఆడబిడ్డ వచ్చి చేప అడుగుతోందంటే ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లలు నవ్వారు, కథ చదివి వినిపించిన తల్లులు మాత్రం ఆడబిడ్డ మాట రాగానే నిజంగా భయపడ్డారు.

తర్వాతిది కొంగా, పీతా కథ. "వీటికేం వరుస?" అన్నారు. "తినే వరుస" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పేజీలు కంప్యూటర్ మీద కూర్చేది మమతారాణి. బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో పనిచేసేది. క్యాంపులో పుట్టి పెరిగిన పిల్ల. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది, ఆ నాయనమ్మ కూడా పోయింది. అన్నదమ్ములు లేరు. కాగజ్‌నగర్‌లో కరెంటు పని చేయడానికి వచ్చిన అరుణ్‌ను ప్రేమించి పెళ్లి చేసుకుని రేకుర్తిలో కాపురానికి వచ్చింది. అరుణ్ దుబాయిలో ఉంటాడు. ఆమె అత్త భూమవ్వ, మామ హనుమండ్లు, ఓ రెండు బర్రెలు ఇక్కడుంటారు. ఆ పిల్ల నోట్లో ఒక్కో కథకు మూడు రకాలు ఉండేవి. అందుకని ఆమె మా పుస్తకాలకు సగం ప్రాణం.

అలాంటి పిల్లకు పెద్దబాపు వరుస తేల్చలేకపోయారు. ఆయన జీవితంలో మొదటిసారి.

"మీదే ఊరు?" "క్యాంపు సార్." "అంతకుముందు?" "జమున నది ఒడ్డున ఏదో ఊరు. నాయనమ్మకే సరిగ యాదికి లేకుండె." "ఆడ మనోళ్లు ఎవలన్న ఉన్నరా?" "అది వేరే దేశం సార్." దేశం వేరైతే చుట్టరికం ఎందుకుండదో ఆయనకు అర్థం కాలేదు. వారం రోజులు అన్నం సరిగా తినలేదని ఆయన భార్య నిర్మలాదేవి గారు, అంటే మా పెద్దమ్మ, నాకు ఫోన్ చేసి చెప్పింది. మమతను పిలవాల్సి వస్తే "ఏమ్మా… అది… జర" అని నసిగేవారు.

ఇంతలో మమతకు ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మ చెప్పిన నది పేరే పెట్టుకుంది, జమున అని. మమత మళ్లీ పనికి వస్తున్న మూడో నెలలో తొట్టెలలో వేసే ఫంక్షన్‌కు మేమందరం వెళ్లాం, భోజనాలు చేసి వచ్చాం. మర్నాడు పొద్దున్నే పెద్దబాపు గొడుగు ఊపుకుంటూ డీటీపీ సెంటర్లో దిగారు.

"దొరికింది! నేను కొలువుల చేరిన కొత్తల మీ నాయనమ్మ నాకు మరమరాలు పెట్టింది. నన్ను కొడుకా అని పిలిచింది, వాళ్ల భాషల. నేన్ పలికిన! ఇగ కలిసిపాయె. మమతా, నువ్వు నాకు చెల్లెవు!"

మమత నవ్వి తలూపింది. నేను మాత్రం పెన్సిలు కింద పెట్టాను. వరుసల దగ్గర ఆయన శిష్యరికం చేసి చేసి నాకూ కొంత లెక్క వచ్చేసింది.

"పెద్దబాపూ, లెక్క తప్పింది. నాయనమ్మకు కొడుకువైతే మమత బాపుకు నువ్వు అన్నవు. అంటే మమతకు పెద్దబాపువు. చెల్లె ఎట్లయితది?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు నేర్పుతవా? చెల్లె అంటే చెల్లె."

"అట్లయితే మమత నాకేమైతది?"

"మేనత్త. అత్తా అని పిలువు."

"నాకన్న రెండేండ్లు చిన్నది!"

"వయసుతోని ఏం పని? వరుస అది."

సరిగ్గా లెక్కేస్తే మేమిద్దరం అక్కచెల్లెళ్లం కావాలి. ఆయన పొరపాటు వల్ల ఆ రోజు నుంచి నేను ఆ పిల్లను "అత్తా, ఆ బొమ్మ జర ఎడమకు జరుపు" అని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇంత పెద్ద మనిషికి వయసు మీద పడి లెక్కలు తప్పుతున్నాయని జాలి కూడా పడ్డాను.

నా బాధ సరే, భూమవ్వ బాధ చూడాలి. మమత చెల్లె అయితే అరుణ్ బావ, అరుణ్ తల్లి అత్త. అరవై నాలుగేళ్ల మనిషి రేకుర్తి వెళ్లి బర్రె పాలు పిండుతున్న యాభై నాలుగేళ్ల భూమవ్వను "అత్తా! బాగున్నవా?" అని కేకేశారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరైనా ముసలావిడ ఉందేమోనని.

"ఎవలినయ్యా సారూ?"

"నిన్నే అత్తా."

"నెత్తి నిండా తెల్లెంటికలు పెట్టుకోని నన్ను అత్తా అంటవా? బజార్ల ఎవలన్న ఇంటే నాకు నూరేండ్లనుకుంటరు! ఇంట్ల గోలీలు మింగుడు గిట్ల మర్చిపోయినవా ఏంది?"

"వరుస అట్ల వచ్చింది, నేనేం జేస్త?"

ఆమె పలకలేదు. వారానికోసారి ఈయన వెళ్లడం, వాకిట్లో నిలబడి "అత్తా" అనడం, ఆమె బర్రెతో మాట్లాడటం. దుబాయి నుంచి అరుణ్ వీడియో కాల్ చేస్తే ఈయన మధ్యలో దూరి "బావా, పైలమా?" అనేవారు. అక్కడ గదిలో ఉన్న నలుగురూ పడిపడి నవ్వేవాళ్లట. ఏడాది పైన గడిచింది. ఒకరోజు భూమవ్వ వంటింట్లో చాయ్‌పత్త డబ్బా వెతుక్కుంటూ పరధ్యానంలో ఉండగా బయటినుంచి "అత్తా!" అని వినబడింది.

"ఆఁ, వస్తున్న!" అంది భూమవ్వ.

ఈయన వాకిట్లో గంతేశారు. "పలికింది! పలికింది!" అని హనుమండ్లుకు చెప్పారు, ఎదురింటివాళ్లకు చెప్పారు, కరీంనగర్ వచ్చి మాకు చెప్పారు. భూమి రిజిస్ట్రేషన్ అయినవాడికి కూడా అంత సంబరం ఉండదు. భూమవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత కూడా ఆమె ఆయన్ను సారూ అనే పిలిచేది, ఒక్కసారి కూడా వరుస పెట్టలేదు.

ఇక జమున. ఆ పిల్ల జుట్టు గురించి చెప్పాలి. పుట్టెంటికలు తీయలేదు. తొమ్మిదో నెలలో తీయాలి, తీయలేదు. పదకొండో నెలా పోయింది. జుట్టు భుజాలు దాటి వీపు మీద పడింది, జడలు కట్టింది, కళ్ల మీద పడేది. మా దయ్యం పుస్తకాన్ని ఆ పిల్ల జుట్టు పక్కకు తోసుకుని ఒక కన్నుతోనే చూసేది. పక్కింటివాళ్లు దయ్యం బొమ్మకూ ఆ పిల్లకూ పోలికలు కూడా చెప్పారు.

అడ్డం ఏమిటంటే మేనమామ. మా దగ్గర పుట్టెంటికలు తీసేటప్పుడు పిల్లను మేనమామ వడిలో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర ఆయనే వేయాలి, కొత్త బట్టలు పెట్టాలి. మమతకు అన్నదమ్ములు లేరు.

"నేను చెడ్డదాన్ని కాదు బిడ్డా" అనేది భూమవ్వ నాతో. "కోడల్ని ఒక్క మాటన్ననా? కానీ మేనమామ లేకుంట పుట్టెంటికలు తీస్తే రేపు పోరిని అందరు ఏమంటరు? తల్లికి పుట్టిల్లు లేదు, పోరికి మామ లేడు అంటరు. ఆ మాట జీవితాంతం ఎంటబడుతది."

మమత పిల్ల జుట్టుకు నూనె రాసి విడదీస్తూ కూర్చునేది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

మూడో ఏడు వచ్చింది. దాటితే మళ్లీ అయిదో ఏడే. అరుణ్ నెల రోజుల సెలవు మీద వస్తున్నాడు. బాసరలో పుట్టెంటికలు తీయించి, అదే రోజు అమ్మవారి ముందు అక్షరాభ్యాసం చేయించాలని అనుకున్నారు. మేనమామ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అక్షరాభ్యాసం నాటికి జమున చేతిలో కొత్త పుస్తకం పెడతానని పెద్దబాపు మాటిచ్చారు.

ఆ కొత్త పుస్తకమే పులీ నక్కా కథ. మమత నాయనమ్మ కథల్లో నక్క పులిని "మామా" అంటుంది. మామ దాచుకున్న చేపలన్నీ నక్క తినేస్తుంది. పులి మీదికొస్తే "మామా, మేనల్లుణ్ని తింటవా?" అని ఏడుస్తుంది. వరుస తయారుగా దొరికిందని పెద్దబాపు పొంగిపోయారు. వారంలో రాసేశారు, నేను గీసేశాను. పిల్లలకు చదివి చూద్దామని అంగన్‌వాడీకి వెళ్లాం. టీచరు నర్మద పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టింది.

పెద్దబాపు గొంతు మార్చి, పులిలా గాండ్రించి, అద్భుతంగా చదివారు. సగంలో ఒక పిల్ల ముక్కు తుడుచుకుని లేచింది.

"పులి నక్కకు మామనా తాతా?"

"అవునే బంగారం."

"గట్లయితే పులి బిడ్డ నక్కకు మరదలా?"

పెద్దబాపు పేజీ తిప్పబోయిన చేయి ఆగిపోయింది.

"లగ్గం ఎప్పుడు?" అన్నాడు ఇంకో పిల్లవాడు. "బ్యాండు ఉంటదా?" అన్నాడు మూడోవాడు. ఆ తర్వాత కథ ఎవరూ వినలేదు.

మరి మన దగ్గర మేనమామ బిడ్డంటే వరస కదా! మేనల్లుడు అల్లుడు కూడా అవుతాడు. కాబోయే అల్లుణ్ని పులి ఎలా తింటుంది? తినకపోతే కథ ఏముంది? పెద్దబాపు ఇంటికెళ్లి పడుకున్నారు.

మర్నాటి నుంచి మార్పులు మొదలు. పులిని నక్కకు బావను చేశారు. బావా బావమరుదులు ఎనిమిది పేజీలూ ఎకసెక్కాలాడుకుంటూ కూర్చున్నారు, చేపల సంగతి ఇద్దరూ మర్చిపోయారు. పులిని చిన్నాయనను చేశారు. చిన్నాయన అంటే పాలివాడు, అడవిలో ఎవరి వాటా ఎంత అని పంచాయితీ లేచింది. మండలాఫీసు బొమ్మ గీయమన్నారు. నేను గీయనన్నాను. పులిని తాతను చేశారు. తాత మనుమడికి చేపలు తానే పెట్టేస్తాడు కదా అని నిర్మలాదేవి పెద్దమ్మ అంది. పుస్తకం అక్కడే కూలబడింది.

చివరికి ఒక మధ్యాహ్నం మమత అంది, "అన్నా, మా దాంట్ల మామ బిడ్డను చేసుకోరు. మామ బిడ్డంటే సొంత చెల్లె లెక్క."

పెద్దబాపు అదిరిపడ్డారు. "మరి పిల్లను ఇయ్యనప్పుడు మామ ఎందుకు?"

"అన్నం ముట్టిచ్చేతందుకు" అంది మమత. "పిల్లలకు మొదటి ముద్ద మామనే పెడ్తడు. మామ పెట్టినంకనే ఇంకెవలన్న. అందుకే నక్క మామా అనంగనే పులికి చెయ్యి ఆగుతది."

కంప్యూటర్ వైపు తిరిగి, "జమునకు నేనే పెట్టుకున్న" అంది.

పెద్దబాపు గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు మా వైపు రాలేదు. అరుణ్ వచ్చాడు. బాసర ప్రయాణానికి పిలవడానికి మమత స్వయంగా వాళ్లింటికి వెళితే, "పులి సంగతి ఇంక తేలలేదమ్మా, జర పరేషాన్‌ల ఉన్న. మీరు పోయి రాండ్రి" అన్నారట. మమత ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఊళ్లో అందరికీ చుట్టమైన మనిషి, పిలిస్తే రాకపోవడమేమిటని నాకు మండింది.

తూఫాన్ బండి మాట్లాడుకుని బయల్దేరాం. వరసకు మేనకోడల్ని కాబట్టి సంచులు మోసే పని నాది. గోదావరి దగ్గర గాలి చల్లగా ఉంది. కల్యాణకట్టలో కత్తి పట్టుకున్న పెద్దాయన పీట వేసి, నీళ్లు పెట్టుకుని, మామూలుగా అడిగాడు.

"మేనమామ ఏడి? పోరిని వడిల కూసుండబెట్టుకొమ్మనుండ్రి."

అరుణ్ తల గోక్కున్నాడు. "అవ్వా, ఎవలో ఒకలు కూసుంటే సరిపోతది తియ్యి."

"ఎవలో ఒకలు మేనమామ అయితరారా?" అంది భూమవ్వ.

"నా వడిలనే కూసోబెట్టుకుంట" అంది మమత. గొంతు గట్టిగానే ఉంది, చెయ్యి మాత్రం పిల్ల జుట్టులో ఇరుక్కుపోయి ఉంది.

"తల్లి వడిల కత్తెర వెడ్తరా ఎక్కడన్న? వద్దు. అయిదో ఏడు సూద్దాం. పాండ్రి వాపసు."

"అప్పుడు నాకు సెలవు దొరుకుతదో లేదో అవ్వా!"

"అత్తా!" అని వెనక నుంచి కేక.

అందరం తిరిగాం. కొత్త ధోవతి, చంకలో గొడుగు, చేతిలో పెద్ద సంచి. చెమటలు కక్కుతూ వంశీధర్‌రావు గారు. ఆయన వెనక ఆయాసపడుతూ నిర్మలాదేవి పెద్దమ్మ.

"నిజామాబాద్‌ల బస్సు పోయింది" అంది పెద్దమ్మ, మేమడగక ముందే. "చాయ్ హోటలాయన మనుమడని తేలిండు."

"జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ ఆయన పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "పోరిని ఇటియ్యి చెల్లె."

భూమవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "సారూ, నువ్వెట్ల కూసుంటవయ్యా?"

"మేనమామను. నేన్ గాక ఎవలు కూసుంటరు?"

"నువ్వా?"

"మమతను నేనేమంట?"

"చెల్లె అంటవ్."

"అరుణ్‌ను?"

"బావ అంటవ్."

"నిన్ను?"

భూమవ్వ కొంగు నడుంలో దోపుకుంది.

"నిన్ను అత్తా అన్న. చాయ్‌పత్త డబ్బా దేవులాడుకుంట ఆఁ అన్నవా, అనలేదా? హనుమండ్లు మామ సాక్షి. ఎదురింటోళ్లు సాక్షి."

హనుమండ్లు మెల్లగా తలూపాడు. ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు, తలూపడం కూడా అదే మొదటిసారి.

"అంటే," అంది భూమవ్వ, "మూడేండ్ల సంది గిందుకేనా నన్ను ముసలిదాన్ని చేసినవ్?"

ఆయన గోదావరి వైపు చూశారు. "వరుస అట్ల వచ్చింది. నేనేం జేస్త?"

పెద్దమ్మ నా చెవిలో చెప్పింది. "జమున తొట్టెల నాడు ఆడోళ్లు మమతను చుట్టుముట్టి, పుట్టింటి చీర ఎవలు తెచ్చిండ్రు అని అడిగిండ్రే. ఆ పిల్ల నవ్వుకుంట లోపలికి పోయింది. ఇంటికొచ్చి ఈయన నిద్రపోలే. నేనన్న, పుట్టెంటికల నాడు పోయి మేనమామనని కూసో, అయిపాయె గదా అని. ఏమన్నడో ఎరికేనా? ఒక్కనాడు పోయి కూసుంటే అది దయ తల్చినట్టుంటది, మూడేండ్లు పిలిస్తే చుట్టరికమైతది అన్నడు. మీ బండ్ల మీతోనే వస్తే పుట్టింటోడు ఎట్లయితడని, బట్టలు పట్టుకోని వేరుగ బయల్దేరిండు."

అప్పుడు నాకు వెలిగింది. నాయనమ్మకు కొడుకైతే మమతకు పెద్దబాపు. అంటే జమునకు తాత.

"పెద్దబాపూ" అన్నాను, వంగి, మెల్లగా. "అప్పుడు లెక్క తప్పింది గదా? నిజం చెప్పు."

"తప్పింది బిడ్డా" అన్నారు, ఇంకా మెల్లగా. "తాతనైతే పోరికి దేనికి పనికొస్త? తాత ఇంట్ల ఉండనే ఉన్నడు. కావల్సింది మేనమామ."

జన్మలో ఒక్క వరుస తప్పని మనిషి, తెలిసి తెలిసి ఒక్క లెక్క తప్పు వేశాడు. ఆ క్షణాన ఆయన నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. మూడేళ్లుగా నాకన్నా చిన్నదాన్ని అత్తా అని పిలిచిన బాధంతా పోయింది. చాలావరకు పోయింది.

సంచిలోంచి జమునకు జరీ లంగా, మమతకు చీర, చిన్న కత్తెర బయటికి వచ్చాయి. భూమవ్వ చీర అంచు పట్టుకుని చూసింది. "రంగు మంచిగుంది" అంది. అంటే ఒప్పుకున్నట్టే. పెద్దబాపు మొదటి కత్తెర వేశారు. మిగతాది పెద్దాయన కానిచ్చేసరికి జుట్టు వెనక నుంచి రెండు పెద్ద కళ్లు బయటపడ్డాయి. ఆ పిల్లకు రెండో కన్ను కూడా ఉందని మేమంతా అప్పుడే సరిగ్గా చూశాం. గోదావరిలో స్నానం, అమ్మవారి ముందు పలక మీద అక్షరాలు, అన్నీ సక్రమంగా అయ్యాయి.

భోజనాల దగ్గర పెద్దబాపు విస్తట్లోంచి పరమాన్నం ముద్ద తీసి జమున నోటి దగ్గర పెట్టారు. "జర ఆలస్యమైంది చెల్లె, ఏమనుకోకు" అన్నారు. మమత నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. జమున ముద్దతో పాటు ఆయన వేలు కూడా కొరికింది.

అంతా అయిందనుకుంటే భూమవ్వ కొత్త లెక్క తీసింది. "బాగనే ఉన్నది గానీ, మేనమామవైతివి. నీ కొడుకు విక్రాంత్‌కు నా మనుమరాలు మరదలాయె గదా? పెండ్లాం పిల్లలున్నోడు!"

పెద్దబాపు చేతిలో ముద్ద ఆగిపోయింది. అంగన్‌వాడీలో పేజీ దగ్గర ఆగినట్టే ఆగింది. మెల్లగా ఆయన ముఖం వెలిగింది.

"పులి!" అని అరిచారు. పక్క పంక్తిలో వాళ్లు లేచి నిలబడ్డారు. "బిడ్డా, పులి సంగతి తేలింది! గిది బెంగాల్ లెక్క! మామ బిడ్డంటే చెల్లె. లగ్గం లేదు, బ్యాండు లేదు. మామ ముద్ద పెడ్తడు, పెట్టిన చేత్తోని మేనల్లుణ్ని తినడు. ఇంటికి పోంగనే ఆఖరు బొమ్మ మార్చు!"

మార్చాను. నోరు తెరిచి మీదికొస్తున్న పులిని తీసేసి, నక్క నోటికి చేప ముద్ద అందిస్తున్న పులిని గీశాను. నక్క తెలివితక్కువది, ముద్దతో పాటు వేలు కొరుకుతూ ఉంటుంది. ఆ పుస్తకం మొదటి కాపీ జమునకే ఇచ్చాం, పదిహేను రోజులు ఆలస్యంగా. గుండు మీద అప్పుడే నూగు మొలుస్తోంది. రెండు కళ్లతో చూసింది.

ఆరోజు బాసరలో బండి ఎక్కుతుంటే పెద్దబాపు కనబడలేదు. చూస్తే దూరంగా, ఎండలో, కత్తి పట్టిన పెద్దాయనతో "మీదే ఊరు?" అని కబుర్లలో ఉన్నారు. గొడుగు చంకలోనే ఉంది. డ్రైవర్ హారన్ కొట్టాడు, అరుణ్ చప్పట్లు కొట్టాడు, ఆయనకు వినబడలేదు.

భూమవ్వ బండిలోంచి తల బయటికి పెట్టింది.

"ఓ అల్లుడా!" అని కేకేసింది. "గొడుగు పట్టుకొని ఎండల నిలవడ్తవేందయ్యా? బండెక్కు!"

ఆయన చటుక్కున తిరిగి, "ఆఁ, వస్తున్నత్తా!" అని పలికారు.